రోడ్డు ప్రమాదంలో గాయపడితే: సాక్ష్యాల సేకరణ నుంచి నష్టపరిహారం చేతికందే వరకు

రోడ్డు ప్రమాద కేసులో నష్టపరిహారం ఎంత వస్తుందన్నది పరిహారాన్ని నిర్ణయించే ప్రత్యేక న్యాయస్థానమైన ట్రిబ్యునల్లో వాదనలు జరిగే రోజున తేలుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో పెద్ద భాగం మొదటి రెండు మూడు వారాల్లోనే, న్యాయవాది రంగంలోకి రాకముందే, ఆసుపత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు రాసిన నాలుగు ముక్కలతోనూ పోలీసు స్టేషన్లో ఇచ్చిన ఒక పేజీ ఫిర్యాదుతోనూ ఖాయమైపోతుంది. తరువాత ఎంత సమర్థుడైన న్యాయవాది వచ్చినా ఆ కాగితాల మీద వాదించగలరే తప్ప వాటిని తిరగరాయలేరు. అందుకే ఈ మార్గదర్శిలో ట్రిబ్యునల్ గురించి కంటే, అక్కడికి చేరేలోపు జరగవలసిన పనుల గురించే ఎక్కువగా ఉంటుంది.

మన దేశంలో ఈ వ్యవహారానికి ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. దానికి 2019లో పెద్ద ఎత్తున సవరణలు జరిగాయి. బీమాకూ నష్టపరిహారానికీ సంబంధించిన కొత్త నిబంధనలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత కేసుల అనుభవంతో "దీనికి గడువంటూ ఏమీ లేదు, కోలుకున్నాక నిదానంగా వేసుకోవచ్చు" అని చెప్పేవారు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ మాట 2022కు ముందు చెల్లింది, ఇప్పుడు చెల్లదు.

మొదటి అడుగు: చికిత్స, ఆసుపత్రిలో రాయించే వివరం

ప్రాణం ముందు, సాక్ష్యం తరువాత. 108కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, గాయపడినవారిని వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఫోన్ చేసిన సమయం, అంబులెన్సు సిబ్బంది తమ రికార్డులో రాసుకున్న చోటు కూడా తరువాత సాక్ష్యాలే అవుతాయి. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స లభిస్తుంది. చేర్చిన వెంటనే ఆ ఆసుపత్రి పథకంలో ఉందో లేదో కుటుంబ సభ్యులు అడిగి తెలుసుకోవాలి. దారిన పోతూ సాయం చేసినవారిపై కేసులు పెట్టకుండా చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తున్నది కనుక, వారు వెళ్లిపోయేలోపు వారి ఫోన్ నంబరు అడిగి తీసుకోవడానికి సంకోచించనక్కరలేదు.

ఇక అసలు విషయం. ప్రమాదంలో గాయపడి వచ్చిన ప్రతివారినీ ఆసుపత్రి మెడికో లీగల్ కేసుగా, అంటే వాడుకలో ఎం.ఎల్.సి.గా నమోదు చేస్తుంది. స్ట్రెచర్ పక్కన నిలబడిన బంధువును డ్యూటీ డాక్టరు "ఏమైంది?" అని అడుగుతారు. ఆ కంగారులో బంధువు "బండి మీద నుంచి పడిపోయాడండీ" అంటాడు. డాక్టరు అదే మాటను రిజిస్టరులో రాసి తరువాతి రోగి దగ్గరకు వెళ్లిపోతారు. ఏడాదిన్నర తరువాత బీమా సంస్థ న్యాయవాది ఆ రిజిస్టరు నకలును తెప్పించి, "ఏ వాహనమూ గుద్దలేదు, తనంతట తాను జారిపడ్డాడు, లారీని తరువాత కల్పించారు" అని వాదిస్తారు. పడిపోయిన మాట నిజమే, కానీ వెనక నుంచి లారీ తగలడం వల్ల పడ్డాడన్న సగం రాతలోకి ఎక్కలేదు.

కాబట్టి క్యాజువాల్టీలో చెప్పవలసిన వాక్యంలో మూడు అంశాలు తప్పక ఉండాలి: ఏ రకం వాహనం ఏ వైపు నుంచి గుద్దింది, ఎక్కడ, ఎన్ని గంటలకు. నంబరు తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే తెలియదనే చెప్పాలి. ఊహించి చెప్పిన నంబరు అసలు చెప్పకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. తలకు దెబ్బ తగలడం, కాసేపు స్పృహ తప్పడం, పన్ను కదలడం వంటి చిన్నవిగా కనిపించేవి కూడా చెప్పి రాయించాలి. మొదటి రోజు రికార్డులో లేని గాయాన్ని తరువాత ప్రమాదంతో ముడిపెట్టడం కష్టం. మద్యం వాసన ఉన్నట్లు రాశారని తెలిసి, అది నిజం కాకపోతే, అప్పుడే రక్త పరీక్ష చేయమని కోరాలి. తప్పుగా రాసినట్లు ఆ రోజో మర్నాడో గుర్తిస్తే రాతపూర్వకంగా సవరణ కోరాలి, పోలీసు ఫిర్యాదులో కూడా ఆ సంగతి ప్రస్తావించాలి.

ఎవరూ గుద్దకుండా, తన తప్పువల్లే పడినప్పుడు మరొకరి బీమా మీద క్లెయిము వేయడం మోసం కిందికి వస్తుంది, ఆ దారి పట్టవద్దు. అలాంటి వారు తమ సొంత బండి పాలసీలో యజమాని కమ్ డ్రైవరుకు ఉండే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద కవర్ ఉందేమో చూసుకోవాలి. అది మరణానికీ, అవయవం లేదా చూపు కోల్పోవడం వంటి శాశ్వత వైకల్యానికీ వర్తిస్తుంది.

రెండవ అడుగు: ఘటనాస్థలం

గాయపడినవారు ఈ పని చేసే స్థితిలో ఉండరు కనుక, తోడు వచ్చిన వారిలో ఒకరు ఆసుపత్రికి వెళ్తే మరొకరు అక్కడే ఉండి ఫోటోలు తీయడం మేలు. దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరకు రావాలి. ముందు రోడ్డు మొత్తం, మలుపు, డివైడరు, సిగ్నలు, వీధి దీపాలు, చోటును గుర్తుపట్టడానికి వీలైన దుకాణం బోర్డు గానీ కిలోమీటరు రాయి గానీ కనిపించేలా తీయాలి. తరువాత వాహనాలు ఆగిన తీరు, వాటి నంబరు ప్లేట్లు, టైర్ల గీతలు, పగిలిన అద్దం ముక్కలు, చివరగా ప్రతి సొట్ట. వాహనం వెనక భాగానికి తగిలిన దెబ్బ ఎవరు ఎవరిని గుద్దారన్న వివాదాన్ని వంద మాటల కంటే స్పష్టంగా తేలుస్తుంది.

ప్రత్యక్ష సాక్షుల్లో కనీసం ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి, వారు బంధువులు కాకపోతే మరీ మంచిది. రక్తపు మరకలున్న బట్టలు, పగిలిన హెల్మెట్ పారవేయకూడదు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేసేదాకా బండిని మరమ్మతుకు ఇవ్వకూడదు.

సీసీ కెమెరాల విషయంలో తొందర పడాలి. చాలా రికార్డర్లు కొద్ది రోజుల్లోనే పాత దృశ్యాలను చెరిపేసి వాటి మీదే కొత్తవి రాసుకుంటాయి. చుట్టుపక్కల పెట్రోలు బంకు, బ్యాంకు, అపార్ట్‌మెంట్, టోల్ ప్లాజా, ఆ సమయానికి అటు వెళ్లిన బస్సు, కారులోని డ్యాష్ కెమెరా వంటివన్నీ చూసుకుని, ఫలానా తేదీ ఫలానా గంటల మధ్య దృశ్యాలను భద్రపరచమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని నకలు మీద స్టేషను ముద్ర వేయించుకోవాలి. కెమెరా యజమాని దృశ్యాలు ఇవ్వడానికి ఒప్పుకుంటే వాట్సాప్‌లో పంపించుకోవద్దు, అక్కడ ఫైలు కుదించుకుపోతుంది, అసలు వివరాలు పోతాయి. పెన్‌డ్రైవులోకి నేరుగా కాపీ చేయించుకోవాలి. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం కూడా జతచేయాలి. ఆ ధ్రువపత్రంలో ఫైలుకు సంబంధించిన హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్య) కూడా నమోదు చేయాలి కనుక, కాపీ తీసుకున్న రోజే ఆ పని పూర్తి చేసుకోవడం సులువు. మీ ఫోన్లో తీసిన ఫోటోలకూ ఇదే వర్తిస్తుంది. కేసు ముగిసేదాకా ఆ ఫోనును అమ్మకుండా ఉంచుకోవడం మంచిది.

మూడవ అడుగు: పోలీసు ఫిర్యాదు

ప్రమాదం ఏ స్టేషను పరిధిలో జరిగినా, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు చేయవచ్చు. ఎఫ్ఐఆర్ నకలును ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయడానికి నిరాకరిస్తే జిల్లా పోలీసు సూపరింటెండెంట్‌కు పోస్టులో పంపి, అప్పటికీ ఫలితం లేకుంటే మేజిస్ట్రేటును ఆశ్రయించే వీలు అదే సెక్షన్లో ఉంది.

ఫిర్యాదు రాసేటప్పుడు "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అన్న అచ్చు మాటతో సరిపెట్టేస్తారు. ఆ మాట ఉండాలి, కానీ ఎవరినీ ఒప్పించేది అది కాదు. ఎదురుగా మలుపు ఉన్నా ఓవర్‌టేక్ చేస్తూ కుడి వైపుకు వచ్చాడనో, ఇండికేటరు వేయకుండా యూ టర్న్ తిప్పాడనో, రాత్రివేళ పార్కింగ్ లైట్లు లేకుండా రోడ్డు మీద లారీ నిలిపాడనో చెప్పే ఒక్క వివరమే నిర్లక్ష్యాన్ని నిరూపిస్తుంది. ఆలస్యంగా ఫిర్యాదు ఇస్తున్నట్లయితే దానికి కారణాన్ని, ఉదాహరణకు ఆపరేషను జరిగిందనో, ఐ.సి.యు.లో ఉన్నారనో, అదే కాగితంలో ఒక వాక్యంగా రాయాలి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమును తోసిపుచ్చరాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది, కానీ వివరణ లేని ఆలస్యం అనుమానానికి తావిస్తుంది. ఆసుపత్రి మంచం దగ్గర పోలీసులు వాంగ్మూలం తీసుకుంటే, చదివించుకుని విన్న తరువాతే సంతకం పెట్టాలి.

ఈ దశలోనే మరొకటి జరుగుతుంది. గుద్దిన వాహనం యజమాని తరఫున ఎవరో ఒకరు ఆసుపత్రికి వచ్చి, ఖర్చులకంటూ పదివేలో ఇరవైవేలో చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీదో "ఎవరిమీదా ఫిర్యాదు లేదు" అని రాసి ఉన్న కాగితం మీదో సంతకం అడుగుతారు. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా ఆ సంతకం మాత్రం పెట్టవద్దు. వాహనం వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఉండే థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కావడానికి కారణమే, బాధితుడికి చెల్లించవలసిన భారం యజమాని జేబు మీద పడకుండా బీమా సంస్థ మీద పడాలన్నది. అతని కష్టాన్ని చూసి మీ హక్కును వదులుకోవలసిన అవసరం చాలా సందర్భాల్లో ఉండదు.

నాలుగవ అడుగు: పోలీసులు తయారు చేయవలసిన నివేదికలు

2022 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి ప్రమాదం సంగతిని 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికగా, 50 రోజుల్లో మధ్యంతర నివేదికగా, 90 రోజుల్లో సమగ్ర నివేదికగా ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుల హక్కులను వివరించే పత్రాన్ని 10 రోజుల్లో ఇవ్వాలి. బాధితుడు తన చికిత్స, ఆదాయం, కుటుంబ వివరాలను ఫారం 6లో నింపి 60 రోజుల్లో అందజేయాలి. ఈ సమగ్ర నివేదికనే ట్రిబ్యునల్ నష్టపరిహార దరఖాస్తుగా స్వీకరించాలని చట్టంలోని 166వ సెక్షన్ చెబుతోంది. కాగితం మీద ఇది చక్కటి ఏర్పాటు. పని భారంతో స్టేషన్లలో ఇది ఎంత క్రమంగా జరుగుతుందన్నది వేరే సంగతి, అందుచేత నివేదిక దానంతటదే వెళ్తుందని నమ్మి ఊరుకోకుండా విడిగా పిటిషను వేయడమే క్షేమం.

స్టేషను నుంచి తీసుకోవలసినవి ఎఫ్ఐఆర్, ఘటనాస్థల పంచనామా, రఫ్ స్కెచ్, వాహన తనిఖీ నివేదిక, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం), చార్జిషీటు, గుద్దిన వాహనం ఆర్.సి., డ్రైవరు లైసెన్సు, బీమా పాలసీ నకళ్లు. వాహనానికి సంబంధించిన వివరాలను కోరినవారికి పోలీసులు గానీ రవాణా శాఖ గానీ ఇవ్వాలని 160వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. నంబరు తెలిస్తే ఎం పరివాహన్ యాప్‌లో బీమా సంస్థ పేరు, పాలసీ గడువు కనిపిస్తాయి. ప్రమాదం జరిగిన తేదీ నాటికి పాలసీ అమల్లో ఉందా అన్నదే అక్కడ చూడవలసింది.

వూండ్ సర్టిఫికెట్లో గాయం సాధారణమైనదా, తీవ్రమైనదా అన్న మాట దగ్గర ఆగి చూడాలి. ఎముక గానీ పన్ను గానీ విరిగినా, పక్కకు తొలగినా, పదిహేను రోజుల పాటు రోజువారీ పనులు చేసుకోలేకపోయినా భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయమే. ఎక్స్‌రే రాకముందే సర్టిఫికెట్ రాసి పంపినప్పుడు విరిగిన ఎముక కూడా సాధారణ గాయంగా మిగిలిపోతుంటుంది. ఎక్స్‌రే నివేదిక చూపి తుది అభిప్రాయం రాయించాలి.

ఐదవ అడుగు: వైద్యం, ఖర్చులు

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చాలదు. ఆపరేషను నోట్సుతో సహా కేస్ షీటు నకలు, ఎక్స్‌రే ఫిల్ములు, స్కానింగ్ సీడీలు, ప్రతి ఓ.పి. చీటీ కావాలి. మందుల బిల్లు మీద రోగి పేరు, తేదీ, బిల్లు నంబరు ఉండాలి, ఆ మందు ఏదో ఒక ప్రిస్క్రిప్షన్లో కనిపించాలి. ఈ రెండూ కలవని బిల్లులను ట్రిబ్యునల్ పక్కన పెట్టేస్తుంది. ఒక పుస్తకంలో తేదీల వారీగా ఎక్కడికి వెళ్లారు, దేనికి ఎంత ఖర్చయింది అన్నది రాసుకుంటూ బిల్లులను అదే వరుసలో అతికించుకుంటే, రెండేళ్ల తరువాత ఎదుటి పక్షం న్యాయవాది చేసే క్రాస్ ఎగ్జామినేషన్లో తడబడనక్కరలేదు. ఫిజియోథెరపీ, రాకపోకలు, ప్రత్యేకాహారం, సహాయకుల జీతం అన్నీ కలపవచ్చు. భార్యో తల్లో ఉద్యోగం మానుకుని చూసుకున్నా ఆ సేవకు విలువ కట్టవచ్చు; ఎవరు, ఎన్ని నెలలు, ఏ పని మానుకుని అన్నది చెప్పగలగాలి.

సొంత ఆరోగ్య బీమా ఉన్నవారు ఒరిజినల్ బిల్లులను ఆ కంపెనీకి పంపేస్తారు. పంపే ముందు ఆసుపత్రితో ధ్రువీకరించిన నకళ్లు తీసుకోవాలి, కంపెనీ ఎంత చెల్లించిందో తెలిపే లేఖను కూడా దాచాలి.

ఆరవ అడుగు: ఆదాయం, వైకల్యం

పరిహారం లెక్కలో పెద్ద మొత్తం మందుల బిల్లుల నుంచి రాదు, భవిష్యత్తులో సంపాదన తగ్గిపోయినందుకు వస్తుంది. అయినా చాలా ఫైళ్లలో బిల్లులు దిండంత, ఆదాయపు రుజువు ఒక్క కాగితం. ఉద్యోగులకు జీతపు స్లిప్పులు, ఫారం 16, సెలవుల ధ్రువపత్రం సరిపోతాయి. వ్యాపారులకు ఆదాయపు పన్ను రిటర్నులు, జి.ఎస్.టి. వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉండాలి. ప్రమాదం తరువాత దాఖలు చేసిన రిటర్నులను అనుమానంతో చూస్తారు. కూలీలు, తోపుడుబండి వ్యాపారులు, మేస్త్రీల దగ్గర ఇవేవీ ఉండవు, ఉండాలని పట్టుబట్టడమూ న్యాయం కాదు. కాలు కోల్పోయిన ఒక కూరగాయల వ్యాపారి కేసులో సుప్రీంకోర్టు 2014లో ఆదాయపు పత్రాలు లేకపోయినా నెలకు 6,500 రూపాయలు ఆర్జించేవాడని అంగీకరించింది. అలాంటి వారు పని ఇచ్చిన మేస్త్రీని సాక్షిగా పిలవవచ్చు, ఫోన్ పే జమలు చూపవచ్చు, చేతివృత్తి గుర్తింపు కార్డు పెట్టవచ్చు. ఏదీ లేకుంటే కనీస వేతనాల ఆధారంగా ట్రిబ్యునల్ ఒక అంచనాకు వస్తుంది.

వైకల్యం విషయంలో శరీరానికి కలిగిన శాతం, సంపాదనకు కలిగిన శాతం ఒకటి కావు. రాజ్ కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ తేడాను చక్కగా వివరించింది. ఎడమ చేయి కోల్పోయిన వ్యక్తి డ్రైవరో వడ్రంగో అయితే అతని సంపాదన దాదాపు పూర్తిగా పోతుంది, అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. కాబట్టి మెడికల్ బోర్డు సర్టిఫికెట్లో 30 శాతం అని ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. మీరు రోజూ చేసే పని ఏమిటి, అందులో గొంతుకూర్చోవడం, బరువులెత్తడం, మెట్లెక్కడం, క్లచ్ తొక్కడం వంటివి ఎంత ఉన్నాయి, ఇప్పుడు ఏవి చేయలేకపోతున్నారు అన్నది చికిత్స చేసిన డాక్టరు చేత సాక్ష్యంగా చెప్పించాలి. కేవలం సర్టిఫికెట్ దాఖలు చేసి డాక్టరును పిలవకపోతే, బీమా సంస్థ దానిని సులువుగా ప్రశ్నించగలదు. ఎముక అతికి, చికిత్స ఒక కొలిక్కి వచ్చాకే శాతం నిర్ణయింపజేసుకోవాలి.

లెక్క ఎలా వేస్తారు

సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో వయసును బట్టి గుణకాలను, అంటే ఏడాది ఆదాయ నష్టాన్ని ఎంతతో గుణించాలో చెప్పే అంకెలను, నిర్ణయించింది. 15 నుంచి 25 ఏళ్ల వరకు 18, 26 నుంచి 30కి 17, 31 నుంచి 35కి 16, 36 నుంచి 40కి 15, 41 నుంచి 45కి 14, 46 నుంచి 50కి 13, 51 నుంచి 55కి 11, 56 నుంచి 60కి 9, 61 నుంచి 65కి 7, ఆపై 5. ముందుముందు పెరగబోయే ఆదాయాన్ని కూడా కలపాలని 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు చెబుతోంది. స్వయం ఉపాధిలో ఉన్నవారికి, స్థిర జీతం పొందేవారికి 40 ఏళ్లలోపైతే 40 శాతం, 40 నుంచి 50 మధ్య 25 శాతం, 50 నుంచి 60 మధ్య 10 శాతం. శాశ్వత ఉద్యోగులకు అవే వయసుల్లో 50, 30, 15 శాతాలు. ఇది గాయాల కేసులకూ వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

నెలకు 15,000 రూపాయలు సంపాదించే 34 ఏళ్ల దర్జీని ఉదాహరణగా తీసుకుందాం. సంపాదన శక్తిలో 30 శాతం పోయిందని ట్రిబ్యునల్ నమ్మిందనుకుంటే, ఏడాది ఆదాయం 1,80,000 రూపాయలకు 40 శాతం కలిపితే 2,52,000. అందులో 30 శాతం 75,600. దానిని 16తో గుణిస్తే 12,09,600 రూపాయలు. మరణించిన కేసుల్లో సొంత ఖర్చుల కింద కొంత తగ్గిస్తారు కానీ, గాయపడి బతికున్నవారి లెక్కలో ఆ తగ్గింపు ఉండదు. ఈ మొత్తానికి వైద్య ఖర్చులు, పని చేయలేకపోయిన నెలల ఆదాయం, భవిష్యత్తులో చేయించుకోవలసిన ఆపరేషన్ల ఖర్చు, నొప్పికీ బాధకూ, జీవితంలో కోల్పోయిన సౌకర్యాలకూ ఇచ్చే మొత్తాలు కలుస్తాయి. జీవితాంతం మరొకరి మీద ఆధారపడవలసిన వారికి సహాయకుల ఖర్చును కూడా గుణకంతోనే లెక్కించాలని 2020లో ఒక బాలిక కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. పిటిషన్లో అడిగిన మొత్తమే పరిమితి కాదు, న్యాయమైన పరిహారం అంతకు మించితే ట్రిబ్యునల్ ఎక్కువ కూడా ఇవ్వవచ్చు.

బాధితుడి తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు తగ్గిస్తారు. అయితే ముగ్గురు ఒకే బండి మీద ఉన్నారన్న ఒక్క కారణంతో కోత విధించరాదని, ఆ ముగ్గురు ఉండడమే ప్రమాదానికి దారితీసిందని చూపించాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. లైసెన్సు లేదన్న వాదన కూడా ఇలాంటిదే. అది గుద్దిన డ్రైవరుకు లేకపోతే, ముందు బీమా సంస్థ చెల్లించి తరువాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలని ట్రిబ్యునళ్లు అనేక సందర్భాల్లో ఆదేశిస్తున్నాయి.

ఏడవ అడుగు: పిటిషను ఎక్కడ, ఎప్పటిలోగా

మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌గా సాధారణంగా జిల్లా కోర్టు న్యాయమూర్తే వ్యవహరిస్తారు. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు నివసించే లేదా వ్యాపారం చేసే చోట గానీ, ప్రతివాది ఉండే చోట గానీ 166వ సెక్షన్ కింద పిటిషను వేయవచ్చు. ఎక్కడో హైవే మీద ప్రమాదం జరిగితే వాయిదాలకు అక్కడిదాకా తిరగనక్కరలేదు. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు. ఈ గడువు చెల్లుబాటుపై సుప్రీంకోర్టులో సవాళ్లు దాఖలయ్యాయి కానీ, వాటి మీద ఆశపెట్టుకుని ఎవరూ ఆలస్యం చేయరాదు. చికిత్స ఇంకా నడుస్తున్నా పిటిషను వేసేయవచ్చు, వైకల్య సర్టిఫికెట్‌ను తరువాత దాఖలు చేసుకోవచ్చు.

తప్పెవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే 164వ సెక్షన్ కూడా ఉంది. అది త్వరగా తేలుతుంది, నిర్లక్ష్యం నిరూపించనక్కరలేదు. కానీ ఆ మొత్తాన్ని స్వీకరిస్తే 166వ సెక్షన్ కింద వేసిన పిటిషను రద్దయిపోతుంది. పై దర్జీ ఉదాహరణలో పన్నెండు లక్షల పైచిలుకు హక్కు రెండున్నర లక్షలతో ముగిసిపోతుందన్న మాట. రావలసిన పరిహారం చిన్నదైనప్పుడో, తప్పు ఎవరిదో రుజువు చేయడం అసాధ్యమైనప్పుడో మాత్రమే ఆ దారి ఎంచుకోవాలి. లారీ డ్రైవరు, క్లీనరు వంటివారు ఉద్యోగుల నష్టపరిహార చట్టం కిందకు వెళ్లే వీలు కూడా ఉంది, అయితే రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి.

గుద్దిన వాహనం ఏదో తెలియకుండా పారిపోతే, 161వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షల రూపాయలు లభిస్తాయి. దానికి ట్రిబ్యునల్‌కు వెళ్లనక్కరలేదు, ప్రమాదం జరిగిన ప్రాంతపు క్లెయిముల విచారణాధికారికి, అంటే ఆర్డీవో లేదా తహసీల్దారుకు దరఖాస్తు ఇవ్వాలి.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ప్రైవేటు న్యాయవాదితో ఫీజు సంగతి మొదటే రాతలో పెట్టుకోవాలి. ఖాళీ చెక్కులు, ఏటీఎం కార్డులు ఎవరికీ ఇవ్వకూడదు.

ఎనిమిదవ అడుగు: రాజీ, విచారణ, వసూలు

బీమా సంస్థ రాజీ ప్రతిపాదన ఇస్తే దానిని తిరస్కరించే ముందూ అంగీకరించే ముందూ పై లెక్కను కాగితం మీద వేసి చూసుకోవాలి. లోక్ అదాలత్‌లో కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. త్వరగా డబ్బు చేతికందడం అందులోని లాభం. చికిత్స పూర్తికాకముందే, వైకల్యం ఎంతో తేలకముందే రాజీపడడం అందులోని ప్రమాదం. లెక్కకు కాస్త అటూ ఇటూగా ఉన్న ప్రతిపాదనను ఒప్పుకోవడం తప్పేమీ కాదు. సగానికి సగం ఉంటే మాత్రం విచారణకే వెళ్లాలి.

విచారణలో క్రిమినల్ కోర్టులో మాదిరిగా సందేహాతీతంగా నిరూపించనక్కరలేదు, జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని చూపితే సరిపోతుంది. డ్రైవరును క్రిమినల్ కేసులో నిర్దోషిగా వదిలేసినా క్లెయిము దానంతటదే వీగిపోదు. మీరు, ఒక ప్రత్యక్ష సాక్షి, డాక్టరు, ఆదాయం గురించి చెప్పగల ఒకరు ఉంటే సాక్ష్యం పూర్తయినట్లే. క్రాస్ ఎగ్జామినేషన్లో గుర్తులేని విషయాన్ని గుర్తులేదనే చెప్పాలి. ఫిర్యాదులో రాసినదానికి కొత్త అలంకారాలు జోడించడం వల్లే నిజమైన సాక్షులు కూడా దెబ్బతింటారు.

తీర్పులో పరిహారంతో పాటు పిటిషను వేసిన తేదీ నుంచి వడ్డీ కూడా ఇస్తారు. మైనర్ల వాటాను, కొన్నిసార్లు పెద్దవారి వాటాలో కొంత భాగాన్ని కూడా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమంటారు. వైద్యానికో ఇంటి అవసరానికో ముందుగా కావాలంటే అర్జీ పెట్టుకోవచ్చు. మొత్తం తక్కువగా ఉందనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయాలి. వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయల కంటే తక్కువైతే అప్పీలుకు వీలుండదు. చెల్లించవలసినవారు గడువు దాటినా చెల్లించకపోతే, 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే కలెక్టరు ఆ మొత్తాన్ని భూమిశిస్తు బకాయి మాదిరిగా వసూలు చేస్తారు. బీమా లేని వాహనం యజమాని మీద తీర్పు వచ్చినప్పుడు ఈ సెక్షన్ అవసరం ఎక్కువగా పడుతుంది కనుక, అతని ఆస్తుల వివరాలను, ముఖ్యంగా పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను నంబరు వంటివి, కేసు నడుస్తుండగానే సేకరించి పెట్టుకోవాలి.